రెండో గంట

మా మరమగ్గాల వీధిలో ఇంటికి నెలకు ఒకరోజు కూలి చొప్పున వేసుకుని నడుపుకునే దవాఖాన అది. పోయిన ఫాల్గుణంలో, ఒక సోమవారం పొద్దున, దాన్ని చూడటానికి విదేశీయులు వచ్చారు. అప్పటికే మా ఆయన ఆయాసంతో దవాఖాన లోపల మంచం మీద ఉన్నాడు; నేను బయట వరండాలో కూర్చున్నాను.

దవాఖాన గంట మోగింది. వీధి చివరిదాకా మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"కరెంటు పోయిందా అవ్వా అని అడుగుతున్నరు," అన్నాడు వాళ్ల వెంట వచ్చిన దుబాసీ.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"డాక్టరమ్మ గుండె చప్పుడు వినాలె బిడ్డా. గందుకే అందరు బంద్ చేసిన్రు."

"మళ్లెప్పుడు నడుస్తయి?"

"విన్నంక, ఫికర్ లేదనుకుంటే ఇంకో గంట కొడ్తది."

విదేశీయులు కెమెరాలు దించారు. ఎవరి ఊపిరి వాళ్లకు వినబడుతోంది.

డాక్టరమ్మ బయటికొచ్చింది. గంట వైపు చూడకుండా నా దగ్గరికే నడిచింది.