గంప కింది చొక్కా

ఆ రోజు నేను వంతెన దాటేశాను. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఎనిమిది రోజులూ ఇంట్లో అందరూ నాకు అదే గుర్తు చేశారు. మా పాళేనికీ తారు రోడ్డుకీ మధ్య బకింగ్‌హామ్ కాలువ ఉంది, దాని మీద ఒక సన్నటి వంతెన. ఇవతల మా ఊరు, అవతల మిగతా లోకం. నేను బ్యాగు భుజాన వేసుకుని అవతల నిలబడి, తోటపల్లి గూడూరు పోయే ఆటో కోసం చూస్తున్నాను. నెల్లూరులో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు, నా హాస్టలు, సగం కుట్టి వదిలేసిన నా బట్టలు. సరిగ్గా అప్పుడు ఊళ్ళో తప్పెట మోగింది.

అది గంగమ్మ జాతర చాటింపు. చాటింపు వేసే వేళకి ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ జాతర ముగిసేదాకా, అంటే ఎనిమిది రోజులు, పొలిమేర అవతల నిద్ర చేయకూడదు. పగలు ఎక్కడికైనా పోవచ్చు. పొద్దు గూకేలోపు కాలువ దాటి లోపలికి రావాలి. ఈ కట్టుబాటు నాకు తెలియదా అంటే, నడక రాకముందే తెలుసు. బయట ఉన్నవాళ్ళకి దాంతో పనిలేదని కూడా తెలుసు. నేను శుభ్రంగా బయటే ఉన్నాను. మరెందుకు వెనక్కి వెళ్ళావే అంటే, వీడియో తీసుకోవడానికి.

నేను అప్పుడు ఫ్యాషన్ డిజైన్ చివరి ఏడాది చదువుతున్నాను. చివర్లో మా సొంత ఆలోచనతో బట్టలు కుట్టి, నలుగురు పెద్దవాళ్ళ ముందు మనుషులకి వేసి చూపించాలి. దాన్ని జ్యూరీ అంటారు. అది తప్పితే ఏడాది పోయినట్టే. నేను మంచు కొండలు అనే అంశం తీసుకున్నాను. మంచు నేను ఐసు పెట్టెలో తప్ప ఎక్కడా చూడలేదు. మా మేడమ్ నా బొమ్మలన్నీ తిరగేసి, "ఇవి ఇంటర్నెట్‌లో నేనూ చూశాను, నువ్వు రోజూ చూసేదేదో తీసుకురా" అంది. ఆ కోపంతోనే మూడు రోజులు ఇంటికొచ్చాను. పడవలు, వలలు, సూర్యోదయం, అన్నీ ఫోటోలు తీశాను. క్యాలెండరు వేసుకోవచ్చు, అంతకంటే ఎందుకూ పనికిరావు. అందుకే తప్పెట చప్పుడు వినగానే నా బుర్ర పనిచేయడం మానేసింది. ఇదే మేడమ్ అడిగింది అనుకున్నాను. ఫోను పట్టుకుని, బ్యాగుతో సహా, వంతెన మీద వెనక్కి పరుగెత్తాను.

వీడియో బాగానే వచ్చింది. తప్పెట కొట్టేవాళ్ళ వెనక పెద్దకాపు నడుస్తున్నాడు. మా పాళెం కట్టుబాట్లన్నీ చూసే పెద్దాయన ఆయన. నన్నూ నా బ్యాగునూ చూసి ఆగాడు.

"ఏమ్మా, పోయినావనుకున్నానే?"

"పోతున్నా తాతా. ఆటో వస్తది ఇప్పుడు."

"ఇంక యాడికి పోయేది? తప్పెట ఇన్నావు గదా" అన్నాడు. వెనక ఇద్దరు మనుషులు వంతెన కమ్మీలకి వేపమండలు కడుతున్నారు.

అమ్మ నన్ను గుమ్మంలో చూసి ముందు నవ్వింది, తర్వాత బ్యాగు చూసి తల పట్టుకుంది. "దాటినదానివి మళ్ళీ ఎందుకొచ్చినావే?" అంది. సిగ్గేసి ఫోను వెనక్కి దాచుకున్నాను. అది ఆదివారం. నా జ్యూరీ శుక్రవారం. జాతర ముగిసేది ఆ పై ఆదివారం.

మర్నాడు పొద్దున్నే పెద్దకాపు ఇంటికి వెళ్ళాను. చదువు పోతుందని చెప్పాను, ఏడ్చాను కూడా. ఆయన నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ ఎదురు మాట్లాడేదాన్ని.

"నువ్వు పోతే నిన్నెవురూ ఏం జెయ్యరు లేమ్మా" అన్నాడు నెమ్మదిగా. "మీ నాయన ఒకరి పడవలో కూలికి పోతుండాడు. రేపు ఆ పడవకి చిన్నది జరిగినా, నీ పేరే చెప్తారు. అప్పుడు మీ నాయన్ని ఎవురు ఎక్కించుకుంటారో నువ్వే చెప్పు."

ఆయన బెదిరించడం లేదు. ఉన్న మాటే చెప్పాడు. రెండేళ్ళ కిందట ఇలాగే ఒకామె కొడుకు జాతర మధ్యలో వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఒక పడవ, నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరగబడింది. మనుషులు బయటపడ్డారు, వలలు పోయాయి. అప్పటినుంచీ ఒడ్డున ఆమెకి ఎవరూ చేప అమ్మరు. ఆమె నెల్లూరు వెళ్ళి ఐసు చేపలు తెచ్చుకుని అమ్ముకుంటోంది, సముద్రం పక్కనే ఇల్లు పెట్టుకుని.

ఇంటికొచ్చి కూలబడ్డాను. మాది ఒకే గది, ముందు రేకుల పంచ. మధ్యాహ్నం రేకుల కింద ఊపిరాడదు. గది ఈ మూల నుంచి ఆ మూలకి తొమ్మిది అడుగులు నాకు. అన్నం సయించలేదు. అమ్మ ఏం అడిగినా విసుక్కున్నాను, నాయన దగ్గితే కూడా విసుగే. ఊరంతా సున్నాలు కొట్టుకుంటూ సందడిగా ఉంటే, నేను తలుపు మూసుకుని కూర్చున్నాను. ఈ ఊరు నన్ను వదలదు, ఎంత చదివినా చివరికి తోక పట్టుకుని లాక్కొస్తుంది అని నాకు నేనే చెప్పుకుని ఉడికిపోయాను.

మేడమ్‌కి ఫోను చేశాను. ఆమె అంతా విని, వీడియోలో చూస్తామంది. "కానీ ఒక్క డ్రెస్సన్నా పూర్తి చేసి, మనిషికి వేసి చూపించు. నడవాలి, కూర్చోవాలి. శుక్రవారం పదకొండు గంటలకి." బట్ట లేదు, మిషను లేదు, ఆలోచన అసలే లేదు. సరే మేడమ్ అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ అమ్మకం ముగించుకుని వచ్చింది. పంచలో కూర్చుని ఉన్న నా ముందే చొక్కా విప్పి, జాడించి, తాడు మీద ఆరేసింది. మా తీరంలో చేపలమ్మే ఆడవాళ్ళందరూ చీర మీద మగవాళ్ళ పాత చొక్కా వేసుకుంటారు. గంపలోంచి నీళ్ళు కారతాయి కదా, అందుకు. చిన్నప్పుడు బడికి ఆ చొక్కాతో వచ్చిందని అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఇప్పుడది నా ముఖానికి అడ్డంగా వేలాడుతూ చుక్కలు చుక్కలుగా నా కాళ్ళ మీద కారుతోంది. తిట్టబోయి, ఎందుకో చూస్తూ ఉండిపోయాను. దాని రెండు చేతులూ ఒక పొడవు లేవు.

"అమా, ఈ కుడి చెయ్యి ఎవురు కోసింది?"

"నేనే. ఐసులో పెట్టేది ఆ చెయ్యే గదా. తడిసి బిగుసుకుంటా ఉంటే కోసేసినా."

"మరి ఎడమది కోయలేదే?"

"గంప పట్టుకునేది దాంతో గదా. ఎండకి కాల్తది. అందుకే అదింకా కొంచెం అతుకేసినా, చూడు."

లేచి చొక్కా తిరగేశాను. కాలరు లేదు, దాని బదులు మెడ వెనక రెండు పొరల గుడ్డ, నీళ్ళు వీపులోకి దిగకుండా. పీట మీద కూర్చున్నప్పుడు పట్టెయ్యకుండా ఎడమ పక్కనొక్కటే చీలిక. గుండె మీది జేబు ఊడదీసి లోపలికి మార్చి, దానికో గుండీ పెట్టింది, ఫోను తడవకుండా. కుట్లు అన్నీ చేతివే, చిన్నవి, గట్టివి. ఎదురింటి అక్క తాడు మీద ఉన్న చొక్కా చూశాను. అది ఇంకో రకం. వీధి చివరిదాకా నడిచాను. ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఇరవై ఏళ్ళుగా ఇవన్నీ నా కళ్ళ ముందే ఆరుతున్నాయి, నేను మంచు కొండలు గీసుకుంటూ కూర్చున్నాను.

"ఇదంతా ఎట్టా తెలిసింది నీకు?" అని అడిగాను.

"తెలిసేదేముంది, ఇబ్బందైన కాడల్లా కోసుకుంటా వచ్చినా" అంది అమ్మ.

బుధవారం ఇద్దరం నెల్లూరు వెళ్ళాం. బట్టల కొట్లో నేను మెత్తటి తెల్ల నూలు బట్ట తీస్తే, అమ్మ దాన్ని వేళ్ళతో నలిపి, "ఇది తడిస్తే బరువవతది, పోబాకు దాని జోలికి" అని వేరే బట్ట చూపించింది. ఆమె చెప్పిందే నిజం. అక్కణ్ణుంచి రైల్వే స్టేషను పది నిమిషాల నడక. ఆటో కోసం నిలబడ్డంతసేపూ నేను ఆ వైపే చూశాను. అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు, కానీ నేను ఏం చూస్తున్నానో ఆమెకి తెలుసు. ఆటో ఆలస్యమై, పొద్దు వాలుతుంటే వంతెన మీద ఇద్దరం పరుగెత్తాం. లోపలికి అడుగు పెట్టాక అమ్మ ఊపిరి పీల్చుకుంది, నేను మాత్రం వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాను.

ఎదురింటి అక్క దగ్గర కాలితో తొక్కే మిషనుంది. గురువారమంతా దాని ముందే. కొత్త చొక్కాకి ప్రతి ముక్కా అమ్మ ఒంటి మీద పెట్టి కత్తిరించాను. ఆమె నిలబడి, వంగి, కూర్చుని, "ఈడ పడతాంది", "ఇంకొంచెం ఇడువు", "ఆ జేబు దించు, వంగితే ఫోను జారతది" అని చెబుతూనే ఉంది. ఆమె చెప్పినట్టల్లా చేశాను. నాలుగేళ్ళలో అంత బాగా కుట్టింది అదొక్కటే.

శుక్రవారం పొద్దున అమ్మ పట్టుచీర కట్టుకుని, పౌడరు రాసుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేందమా? పని చీర కట్టుకో అన్నా గదా."

"పని చీరతో పెద్దోళ్ళ ముందర ఎట్టా నిలబడేది? నన్ను చూసి నిన్నేమనుకుంటారు?"

"అనుకునేదేం లేదు. మార్చుకో పో" అన్నాను. కసిరినట్టే అన్నాను. ఆమె వెళ్ళి మార్చుకుంది. పూలు మాత్రం తియ్యలేదు.

మా ఊళ్ళో సిగ్నలు సరిగ్గా వచ్చేది తుపాను షెల్టరు మేడ మీదే. ఎదురింటి అక్క ఫోను పట్టుకుంది. అమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నడిచింది, దించింది, పీట మీద కూర్చుంది, ఐసులో చెయ్యి పెట్టినట్టు చూపించింది. ఫోనులో నలుగురి ముఖాలూ ముందుకు వంగాయి. నేను ఇంగ్లీషులో వివరించాను. ఈ చెయ్యి ఎందుకు పొట్టిది, ఆ చెయ్యి ఎందుకు పొడుగు, చీలిక ఎందుకు ఒకవైపే. నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినిపించింది.

అప్పుడు మా మేడమ్ కళ్ళజోడు సవరించుకుని ఇంగ్లీషులోనే అడిగింది. "ఈ ఆలోచనలు చాలా బాగున్నాయి. ఇవన్నీ నీవేనా? మీ మదర్ చెప్పినవి ఏమైనా ఉన్నాయా?"

మదర్ అన్న మాట దగ్గర అమ్మ తలెత్తింది. పీట మీద కూర్చునే, నా వైపు చూసి నవ్వు ముఖం పెట్టింది.

కిందటేడు మా సీనియరు ఒకమ్మాయి టైలరు చేత చేయించుకుందని తేలి, ఏడాదంతా మళ్ళీ చదవాల్సి వచ్చింది. నా బుర్రలో అదే తిరిగింది. అసలు ఈ చొక్కాలో నాదంటూ ఏముంది, మిషను కుట్టు తప్ప? అది చెబితే నా చదువు ఈ మేడ మీదే ఆగిపోతుందని భయపడ్డాను. ఇక ఈ తొమ్మిది అడుగుల గదే, ఈ కాలువే అనిపించింది.

"నో మేడమ్" అన్నాను నేనూ ఇంగ్లీషులోనే. "అన్నీ నావే. ఆమె వేసుకుని చూపించింది, అంతే."

మేడమ్ తలాడించి ఏదో రాసుకుంది. నేను పాసయ్యాను, మంచి మార్కులతోనే. ఇప్పుడు ఈ రంగంలో నాలుగేళ్ళు పనిచేశాక తెలుస్తోంది, ఆమె నన్ను పట్టుకోవడానికి అడగలేదు. అవును, అమ్మవే అని ఉంటే, ఆ నలుగురూ అమ్మతోనే మాట్లాడి ఉండేవాళ్ళు. ఒక్క నిమిషమైనా మా అమ్మని టీచర్లు ప్రశ్నలడిగి ఉండేవాళ్ళు. ఆ నిమిషాన్ని నేనే తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఫోను పెట్టేశాక అమ్మ లేవలేదు. అక్క కిందికి దిగిపోయేదాకా ఆగింది.

"మదర్ అంటే నేనే గదా?" అంది.

"ఊఁ."

"మరి నో అన్నావేంది? ఏమడిగింది ఆయమ్మ?"

నేను గంప తీసి పక్కన పెట్టాను. పీట కూడా తీద్దామని చూశాను, ఆమె ఇంకా దాని మీదే ఉంది.

"మీ అమ్మకి ఇంగ్లీషు వస్తదా అని అడిగింది" అన్నాను. "రాదని చెప్పినా."

"నిజమే గదా" అంది అమ్మ. "నాకెట్టా వస్తది." చొక్కా నలగకుండా పై నుంచి ఒక్కొక్క గుండీ విప్పడం మొదలుపెట్టింది.