మంచులో కుర్చీ

"సలహా మండలిలో ఏడుగురుండాలా, తొమ్మిదిమందా అని సాయంత్రమంతా కొట్టుకున్నారమ్మాయ్ మన కౌన్సిల్ పెద్దలు. చలికాలం పార్కింగ్ సంగతి వచ్చే నెలకు వాయిదా అట. అప్పటికి మంచే కరిగిపోతుందిలే," అంది డెలోరిస్ ఇంటికి బయల్దేరుతున్న పక్కింటి అమ్మాయితో, కిటికీ అద్దం మీది ఆవిరిని మోచేత్తో తుడుస్తూ. మంచు పడుతున్నంతసేపూ ఆమె అక్కడినుంచి కదలదు. వీధికి రెండు పక్కలా కార్లే. పోయినవారం భర్త వెర్న్‌కు ఊపిరాడనప్పుడు, ఆగే చోటు లేక అంబులెన్స్ మలుపు దగ్గరే నిలిచిపోయింది. అతన్ని అక్కడిదాకా మోసుకెళ్లేసరికి పెదాలు నీలమయ్యాయి. మర్నాడే ఆమె గుమ్మం ముందు వీధిలో మంచు తవ్వి, అక్కడ ఇంకెవరూ కారు ఆపకుండా, ఆ చోటు తనదని ఆ వీధిలో అందరూ పెట్టినట్టే వంటింటి కుర్చీ ఒకటి పెట్టింది. ఆమెకు కారు లేదు. ఆ చోటు అంబులెన్స్‌కు. లోపల వెర్న్ దగ్గితే ఆమె చెయ్యి కర్టెన్‌ను గుప్పిట పట్టేస్తుంది.

"వెళ్తూ వెళ్తూ ఆ కుర్చీ ఉందో లేదో చూడమ్మా. పడిపోయుంటే నిలబెట్టు."