కాళ్ళున్న నేల

పోయిన బుధవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా మనవరాలు, తను కొనుక్కున్న కొత్త ఇంట్లో నేలకు ఏ కొయ్య వేయిస్తే బాగుంటుందో చెప్పమని, అరచేయంత నమూనా ముక్కలు ఆరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఐదింటికి వార్నిషు వాసన తప్ప మరేమీ లేదు. ఆరోదాని ఒక అంచు కొత్తగా కోసినట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుగడ్డి, వేయించిన చింతగింజల వగరు, వాటి అడుగున ఎక్కడో తేనె, అన్నీ కలిసిన వాసన వచ్చింది. దాని పేరు ఆ పిల్లకు తెలియదు. నాకు మాత్రం శార్వరి నామ సంవత్సరంలో, అంటే 1960లో, మా ఇంటి పడమటి గదిలో నాయన వేయించిన వేగిస చెక్క నేల కళ్ళ ముందుకొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మా ఊరు తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రానికి మైలున్నర దూరంలో ఉండేది. పెంకుటిల్లు, మట్టి గోడలు, మట్టి నేలలు. శుక్రవారం తెల్లవారగానే అమ్మ పేడలో కాస్త ఎర్రమట్టి కలిపి ఇల్లంతా అర్ధచంద్రాలుగా అలికేది, ఆ అలుకు ఆరుతున్నప్పుడు వచ్చే పచ్చి వాసనలో మేము పిల్లలం గుమ్మాల మీద కూర్చుని మరమరాలు తింటూ, ఎక్కడ ముందు ఆరితే అక్కడ గచ్చకాయలు ఆడడానికి కాచుకుని ఉండేవాళ్ళం. వేసవిలో ఆ నేల అంత చల్లన మరొకటి లేదు. మధ్యాహ్నం ముంజలు తిని బోర్లా పడుకుంటే పొట్టకు హాయిగా ఉండేది. కానీ అట్లతద్ది వెళ్ళి తూర్పు గాలి మొదలైందంటే అదే నేల చెమ్మ పీల్చి, పరిచిన చాప అడుగున తెల్లగా బూజు పట్టి, ఉప్పుజాడీ కింద మడుగు కట్టి, కార్తీకమంతా తడి గోనెపట్టా వాసన వేసేది.

ఆ నేల మీదే అవ్వ పడుకునేది. అవ్వ అంటే నాయన తల్లి. నేను పుట్టడానికి ఏడాది ముందు తాత పోయాడట. భర్త పోయిన ఆడది మంచమెక్కకపోవడం మా వైపు రైతు కుటుంబాల్లో ఆనాటి పద్ధతి. అయితే అవ్వ దాన్ని పద్ధతిగా కాక, తాతకు ఇచ్చిన మాటగా పట్టుకుంది. 1959 కార్తీకంలో ఆమెకు ఆయాసం వచ్చింది. పడుకుంటే ఊపిరాడక వడ్ల బస్తాకు ఆనుకుని కూర్చునే ఉండేది, ఆమె రొమ్ములోంచి వచ్చే ఈల వంటింట్లోకి వినిపించేది. నెల్లూరు నుంచి వచ్చిన డాక్టరు, ఇంకో వానాకాలం ఈ చెమ్మ నేల మీద పడుకుంటే మనిషి దక్కదని నాయనతో చెప్పి వెళ్ళాడు.

నాయన మంచం మాట ఎత్తాడు, తర్వాత నులక మంచం కాదు, పొట్టి బల్ల అన్నాడు.

"కాళ్ళుండేదేదైనా మంచమేరా అబ్బయ్యా," అంది అవ్వ. "నేను నేల మీద పడుకునే దాన్ని. నేల మీదే పోతా."

"పోదువులే అత్తా, కానీ వచ్చే కార్తీకానికే పోతానంటే ఎట్టా," అని అమ్మ అంది.

"నీకంత తొందరగా ఉంటే చెప్పు, ముందే పోతా."

నాయన అరచేత్తో నేల చెమ్మ తడిమి చూసి, "సరే, నేల మీదే పడుకో. నేలనే మారుస్తా," అన్నాడు.

నాపరాళ్ళు చల్లన, సిమెంటు అంతకంటే చల్లన, ఇక మిగిలింది కొయ్య. కలప అడితి వాళ్ళ మాట మీద నమ్మకం లేక నాయన మామిడి, వేప, తుమ్మ, టేకు, వేగిస ఒక్కొక్కటి మూడేసి ముక్కలు కోయించి తెచ్చాడు. ఒక వరస దొడ్లో చెదలు పట్టే చోట పాతాడు, ఒకటి పశువుల కొట్టం కప్పు మీద ఎండలో పెట్టాడు, ఒకటి సముద్రపు నీళ్ళు నింపిన కుండల్లో వేశాడు. మాఘం నుంచి వైశాఖం దాకా మా ఇంట్లో ఇదే ముచ్చట. పొద్దున పొలానికి పోయేముందు నాయన ముక్కల్ని చూసి వచ్చేవాడు, వెనకే మేము. మామిడి ముక్కను తవ్వి తీస్తే చేతిలో అటుకుల్లా రాలింది. తుమ్మ ఎండకు పగిలింది, వేప మెలితిరిగింది. టేకు నిలిచింది, వేగిసా నిలిచింది. రెండింటి మధ్య నాయన ఎటూ తేల్చుకోలేకుండా ఉండగా ఒక రోజు వేగిస ముక్క నానిన నీళ్ళను గాజుగ్లాసులోకి వంచి ఎండకెత్తాడు. ఎదురుగా చూస్తే పల్చని తేనె రంగు, పక్కనుంచి చూస్తే అంచు వెంట పాలపిట్ట రెక్క నీలం. గ్లాసును కాస్త తిప్పితే నీలం ఆరిపోయి, మళ్ళీ తిప్పితే వెలిగేది. మేమందరం ఒకరి తర్వాత ఒకరం పట్టుకుని చూశాం, అవ్వ కూడా చూసింది. నాయన ఆ సాయంత్రమే బండి కట్టుకుని వేగిసకు చెప్పడానికి వెళ్ళాడు.

ఉదయగిరి కొండల వైపు నుంచి దుంగలు వచ్చాయి. చెంచయ్య ఆచారి, మా ఊరి వడ్రంగి, దొడ్లో పందిరి వేసుకుని రెండు నెలలు పనిచేశాడు. రంపం దిగుతుంటే లోపలి కొయ్య చెట్టులోంచి అప్పుడే మేలుకున్నట్టు పసుపు కలిసిన గోధుమ రంగులో బయటపడేది, చిత్రిక పడితే దాని మీద చారలు, చారల్లో సుడులు, సుడుల మధ్య కళ్ళలాంటి మచ్చలు తేలేవి. చిత్రిక చుట్టలను మేము చెవులకు లోలాకుల్లా తగిలించుకుని తిరిగేవాళ్ళం. గదిలో మట్టి తవ్వి, జానెడెత్తు రాతి దిమ్మెలు నిలిపి, వాటి మీద దూలాలు, దూలాల మీద ముప్పై ఒక్క పలకలు వేశారు. అడుగున గాలి ఆడడానికి బయటి గోడల కింద నాలుగు కంతలు ఉంచారు. వినాయకచవితి ముందురోజుకు పని అయిపోయింది. నాయన రోజూ సాయంత్రం చొక్కా విప్పి, గుడ్డతో అవిసె నూనె రుద్దుతూ మోకాళ్ళ మీద గదంతా తిరిగేవాడు. దీపం పెట్టగానే నేల లోపల ఇంకొక దీపం ఉన్నట్టుండేది. నేను మొదటిసారి అడుగుపెట్టి భయపడి వెనక్కి తీశాను. అది వెచ్చగా ఉంది, ఎవరో పడుకుని లేచిన చోటులా ఉంది.

అవ్వ లోపలికి రాలేదు. కర్ర పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి, బయట గోడ దగ్గర కూలబడి కంతలోంచి తొంగిచూసింది.

"కాళ్ళుండాయిరా దీనికి," అంది. "ఇన్ని కాళ్ళుండే మంచాన్ని నేను యాడా చూళ్ళా."

"మంచాన్నయితే బయటికి మోసుకుపోవచ్చమ్మా," అన్నాడు చెంచయ్య ఆచారి. "దీన్నెవరు మోస్తారు?"

"అయితే మోయలేని మంచం."

ఆచారి నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, నాయన నవ్వలేదు. దసరా వెళ్ళింది, అట్లతద్దికి మేము ఊయలలూగాం, అట్లు తిన్నాం; కొత్త గది వాకిలి తీసే ఉంది, అవ్వ చాప మాత్రం పాత నేల మీదే ఉంది. ఆశ్వయుజం చివర్లో మొదటి ముసురు పట్టింది. రెండో రోజుకే ఈల మొదలైంది. నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒక పూట అన్నం మానేశాడు. అవ్వ వడ్ల బస్తాకు ఆనుకుని కళ్ళు మూసుకుని, "ఊరుకోరా, నేను మాటిచ్చిన మనిషి లేడుగదా మార్చుకునేదానికి," అని మాత్రం అనేది, అంతమాత్రానికే నాలుగుసార్లు ఊపిరి తీసుకునేది.

ఆ శుక్రవారం పొద్దున అమ్మ ఎప్పటిలాగే వంటిల్లు అలికి, నట్టిల్లు అలికి, పేడ తట్ట ఎత్తుకుని నేరుగా పడమటి గదిలోకి పోయింది. నాయన పొలం నుంచి వచ్చేసరికి సగం గది అయిపోయింది. ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన నూనె పట్టించిన సుడులు, కళ్ళు, చారలు, అన్నీ ఆ ఆకుపచ్చని తడి కిందికి వెళ్ళిపోతున్నాయి.

"ఏం చేస్తా ఉండావే?"

"నేల చేస్తా ఉండా," అంది అమ్మ, తలెత్తకుండా.

మిగిలిన సగం కూడా అలికి, నాలుగు మూలలా ముగ్గు వేసి, గోడ వెంబడి బయటికి వచ్చింది. నాయన తొట్టి దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కున్నాడు. తిరిగి వచ్చి లోపలికి పోబోయి, అలుకు ఆరలేదని ఆగి, గుమ్మం మీద మా పక్కన కూర్చున్నాడు. మట్టి ఇంట్లో పుట్టిన ఏ మనిషీ తడి అలుకు తొక్కడు. ఆయన ఆగడం అవ్వ చూసింది. మధ్యాహ్నానికి తన చాప తనే చుట్టి చంకన పెట్టుకుని, కర్ర టకటకలాడిస్తూ లోపలికి పోయి పరుచుకుంది. మేము తలుపు సందులోంచి చూశాం. అవ్వ వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. ముసురు మొదలయ్యాక ఆమె నడుం వాల్చడం అదే మొదలు.

అయితే వేగిస నీళ్ళ రంగు గ్లాసులో చూసి మురిసిన మా ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టని సంగతి ఒకటుంది. తడిసిన ఆ కొయ్య రంగు వదులుతుంది. చాప మీదినుంచి జారిన కొంగు రాత్రంతా అలుకు పల్చగా ఉన్న చోట చెమ్మ పలకకు ఆనుకుని, తెల్లవారేసరికి అవ్వ తెల్లచీర మీద బారెడు మేర పచ్చగా పడింది. మజ్జిగకు వచ్చిన పక్కింటి రమణమ్మ చూసింది.

"ఏందత్తా, ఈ వయసులో పసుపు చీర కట్టినావే?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. భర్త లేని మనిషికి పసుపు నిషిద్ధం. ఇక చాప పాత నేల మీదికి వెళ్ళిపోతుందని అమ్మా నాయనా ఒకేసారి అనుకుని ఉంటారు, ఇద్దరూ అవ్వ ముఖం వైపే చూశారు. అవ్వ కొంగు చేతిలోకి తీసుకుని, వేళ్ళతో నలిపి, వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది.

"నేను అడగలేదమ్మే. నేల పెట్టింది," అంది. "ఎందుకు పెట్టిందో పోయి దాన్నే అడుగు."

రమణమ్మ మజ్జిగ తీసుకుని వెళ్ళింది. ఊరంతా వారం రోజులు మాట్లాడుకుంది, తర్వాత చేపల ధరల మాటల్లో పడింది. ఆ కార్తీకం ముగిసేసరికి అవ్వ చీరలన్నీ సంపెంగ రేకుల రంగుకు తిరిగాయి, ఎంత ఉతికినా పోలేదు, ఆమె పోవాలని అడగనూ లేదు.

ఆ తర్వాత నేలకు రెండు కాలాలు ఏర్పడ్డాయి. వానలకు ముందు అమ్మ అలుకు మొదలుపెట్టేది. పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుని, మధ్యాహ్నం అందరం అన్నం తింటుండగా టప్పుమని పేలి గదిలో ఎవరో కర్రతో కొట్టినట్టు వినిపించేది, తలుపు బిగిసిపోయి చెంచయ్య ఆచారిని పిలవాల్సి వచ్చేది. ముసురు రోజుల్లో చెవి ఆనించి పడుకుంటే మైలున్నర దూరంలోని అల విరగడం పలక లోపలినుంచి వినిపించేది, అవ్వ ఊపిరీ, సముద్రమూ ఒకే కొయ్యలో నడిచేవి. చైత్రం రాగానే అవ్వ చాప వాకిట్లోకి మారేది. అప్పుడు గది నాయనది. అలుకు గీకి, నూనె పట్టించి, శ్రావణం దాకా దాన్ని బంగారంలా ఉంచుకునేవాడు. పలకల మధ్య సందులు విచ్చుకుని, వాటిలోంచి చల్లటి గాలి పైకి వచ్చేది. మా గచ్చకాయలు, ఆవాలు, ఒకసారి నా ముక్కుపుడక, అందులోకి పోయాయి. అలుకు తడికి పలకల అంచులు ఏటేటా నల్లబడ్డాయి, మూడు పలకలు పైకి వంగాయి. నాయన వాటిని చూసి నిట్టూర్చేవాడే గానీ అమ్మను ఒక్క మాట అనలేదు.

అవ్వ ఏడు వానాకాలాలు ఆ నేల మీద పడుకుని దాటింది. 1967 శ్రావణంలో, ఇంకా అలుకు మొదలుపెట్టకముందే, జ్వరం వచ్చి వాకిట్లోంచి గదిలోకి తెచ్చి పడుకోబెట్టాం. నేల అప్పుడు నూనె మెరుపుతో ఉంది, పేడ చుక్క లేదు, ముగ్గు లేదు. నాలుగో రోజు ఆఖరి ఘడియ వచ్చిందని బంధువులు చేరారు. పోయే మనిషిని భూమి మీదికి దించాలి గదా, నట్టింట్లో మట్టి నేల మీదికి మారుద్దామని నలుగురూ చాప కొసలు పట్టుకున్నారు. అవ్వ కళ్ళు తెరిచింది. చెయ్యి చాపలోంచి బయటికి జాపి, బోసి పలకను రెండుసార్లు తట్టింది.

"యాడికిరా?" అంది. "నేల మీదే ఉండాగదా."

వాళ్ళు చాప వదిలేశారు. సాయంత్రం నాలుగుంబావుకు అక్కడే పోయింది.

ఇప్పుడు ఆ చోట రొయ్యల గుంట ఉంది. కిందటేడు వెళ్ళి చూసి వచ్చాను, నీటికి గాలి పట్టించే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఒక తుపానుకు ఇంటి కప్పు లేచిపోయింది. ముప్పై ఒక్క పలకల్లో పన్నెండింటిని పడవల వాళ్ళు తీసుకుపోయారు, పంతొమ్మిది వానకు పుచ్చిపోయాయి. దిమ్మెలు గుంట తవ్వినప్పుడు మట్టిలో కలిశాయి. అవ్వ చీరలు ఒక్కటీ మిగల్లేదు. చెంచయ్య ఆచారి పోయాడు, నాయన పోయాడు, అమ్మ పోయింది. ఆ గదిలో పడుకున్న వాళ్ళలో నేనొక్కదాన్ని ఉన్నాను.