నా జోకులూ, మా అమ్మాయి బొటనవేలూ

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. దేవుడు మాత్రం వదల్లేదు. అమెరికాకి రప్పించి, ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రతి తరగతికీ రోజూ పంపించాడు, చేతికి మాపు కర్ర ఇచ్చి. మా ఊళ్ళో మేష్టారు "నువ్వు బడి తుడవడానిక్కూడా పనికిరావురా" అనేవారు. ఆయన మాట అబద్ధం చెయ్యడానికి సముద్రాలు దాటాల్సి వచ్చింది.

మా ఆవిడ నర్సు. వీసా ఆవిడది, ఉద్యోగం ఆవిడది, కారు ఆవిడది. ఆవిడతో వచ్చిన లగేజీలో నేనొకణ్ణి. ఇర్వింగ్ అనే ఊళ్ళో ఆవిడ హాస్పిటల్‌కి దగ్గర్లో ఒక క్యాథలిక్ చర్చి, దాన్ని ఆనుకుని ఎనిమిదో తరగతి దాకా చిన్న స్కూలు. ఎనభైల మొదట్లో అక్కడ కస్టోడియన్‌గా చేరాను. అంటే నడుముకి తాళంచెవుల గుత్తి, చేతిలో మాపు, పిల్లలెవరైనా కక్కుకుంటే చల్లడానికి ఓ బకెట్ రంపప్పొట్టు. మా అమ్మాయి అదే స్కూల్లో సెకండ్ గ్రేడు.

దానికి ఒక్కటే బాధ. ఏడేళ్ళొచ్చినా బొటనవేలు నోట్లోంచి తియ్యలేకపోయేది. నిద్రొచ్చినా, భయమేసినా వేలు దానంతటదే లోపలికి వెళ్ళిపోయేది. మా ఆవిడ ఇండియా నుంచి వచ్చేవాళ్ళ చేత వేపనూనె తెప్పించి రాసింది. వారం తిరక్కుండా పిల్లకి ఆ చేదు అలవాటైపోయింది. ఈరోజుకీ మా ఇంట్లో కాకరకాయ కూర మిగలదు. క్లాసులో అందరూ "బేబీ" అని ఏడిపించేవాళ్ళు. పైగా మే నెలలో వాళ్ళ క్లాసుకి మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్‌గారి చేతి అప్పం మొదటిసారి తీసుకునే పండగ. తెల్లగౌను వేసుకుని, చేతులు జోడించుకుని, చర్చి నిండా జనం చూస్తుండగా పీఠం దాకా నడవాలి.

"మధ్యలో నా చెయ్యి పైకొచ్చేస్తే, డాడీ?" అని కార్లో అడిగేది. నేనేదో జోకేసేవాణ్ణి. అది కిటికీలోంచి బయటికి చూసేది.

ఈస్టర్‌కి ముందు నలభై రోజులు తపస్సుకాలం, ఇక్కడివాళ్ళ మాటలో లెంట్; ఎవరికి వాళ్ళు ఇష్టమైనదొకటి మానెయ్యాలి. అది రేపు మొదలవుతుందనగా మంగళవారం సాయంత్రం స్కూలు హాల్లో పాన్‌కేక్ సప్పర్. ఉపవాసాలొచ్చేలోపు ఇంట్లో వెన్నా గుడ్లూ ఖాళీ చెయ్యాలని పూర్వం నుంచీ ఉన్న ఆచారమట. తండ్రులంతా ఏప్రన్లు కట్టుకుని పెనాల ముందు నిలబడ్డాం. తల్లులు కూర్చుని వంకలు పెడుతున్నారు. ప్రిన్సిపాల్ సిస్టర్‌గారు ఐదడుగుల మనిషి, పదడుగుల గొంతు. ప్లేటు పట్టుకుని వరసలో వస్తూ ఒక్కొక్కర్నీ అడుగుతున్నారు: "ఈసారి లెంట్‌కి ఏం మానేస్తున్నారు?"

ఒకాయన బీరన్నాడు. ఒకావిడ చాక్లెట్లంది. నా వంతొచ్చింది.

"నేను ఏడో తరగతిలో చదువు మానేశాను సిస్టర్. ఆ దీక్ష ఇంకా నడుస్తోంది."

హాలంతా గొల్లుమంది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా పక్కనే వేలు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది. వెనక బల్ల మీంచి ఎవరో "బేబీ!" అన్నారు. అది వేలు తీసి, గౌనుకి తుడుచుకుని, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పింది.

"డాడీ, నువ్వు జోకులు మానెయ్. నేను ఇది మానేస్తా." వేలు ఎత్తి చూపించింది. "ఈస్టర్ దాకా. నువ్వు బ్రేక్ చేస్తే నేనూ బ్రేక్ చేస్తా."

సిస్టర్‌గారి ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది. "నేను విన్నాను" అన్నారు. ఇంక వెనక్కి తగ్గే దారి లేదు.

మర్నాడు విభూది బుధవారం. పోయినేటి మట్టల ఆదివారం నాటి ఆకులు కాల్చిన బూడిదతో ఫాదర్‌గారు నా నుదుట సిలువ గీసి, "నువ్వు మట్టివి, మట్టిలో కలుస్తావు" అన్నారు. పొద్దున్నుంచీ ఆ చర్చిలో మట్టి ఊడ్చింది నేనే. నాలిక చివరికి ఒకటి వచ్చింది. మింగేశాను. వేపనూనె ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అసలు చిక్కు నా పేరుతో వచ్చింది. జోకులవాణ్ణని ముద్ర పడ్డాక మామూలు మాటన్నా జనం ఊరుకోరు. ఎనిమిదో తరగతి కుర్రాళ్ళు వరండాలో అడ్డం పడి, ఇక్కడి జోకులు తలుపు తట్టడంతో మొదలవుతాయి కనక, "నాక్ నాక్" అన్నారు. "తలుపు తీసే ఉంది బాబూ, వెళ్ళండి" అన్నాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. లంచ్‌రూంలో వడ్డించే ఆవిడ సూప్ ఎలా ఉందని అడిగితే "వేడిగా ఉంది" అన్నాను. గరిటె వదిలేసి మరీ నవ్వింది. నిజానికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే ఇన్నేళ్ళూ జోకుల కోసం ఒళ్ళు హూనం చేసుకునేవాణ్ణే కాదు.

సాయంత్రం కార్లో విచారణ జరిగింది.

"నవ్వించాలని అన్నావా?"

"లేదు తల్లీ. సూప్ నిజంగానే నోరు కాల్చింది."

"ఓకే" అంది. దాని కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది, బొటనవేలు లోపల. పొద్దున్నుంచీ అలాగే ఉందట.

"మరి పెన్సిల్ ఎలా పట్టుకున్నావే?"

"లెఫ్ట్‌తో."

రాసింది చూపించింది. గాలివానకి పడిపోయిన తాటిచెట్లలా ఉన్నాయి అక్షరాలు. ఆ మాటా నోటి దాకా వచ్చింది. పైకి అనలేదు. ఏడేళ్ళ పిల్ల ఎడంచేత్తో రాస్తుంటే, ఇంత మనిషిని, నేనొక్క నోరు మూసుకోలేనా? చూద్దాం ఎవరు గెలుస్తారో, నేనా నా నోరా, అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం స్కూలంతా సిలువ మార్గానికి చర్చికి వెళ్ళింది. ప్రభువు సిలువ మోసిన దారి గోడల వెంట బొమ్మలుగా, పద్నాలుగు స్థలాలు. ఒక్కోచోటా మోకరించడం, లేవడం. పొట్టలో చేపముక్కలు, పైన హీటర్ వెచ్చదనం, పిల్లలు తూలుతున్నారు. నేను వెనక తలుపు దగ్గరున్నాను. ప్రభువు మూడోసారి పడిన స్థలం దగ్గర మా అమ్మాయి తల వాలింది. పిడికిలి విడింది. చెయ్యి మెల్లగా పైకి లేస్తోంది. పక్కనున్న పిల్ల అవతలి పిల్లని మోచేత్తో పొడిచి చూపించింది.

నడుముకున్న తాళాలన్నీ గలగలమంటుండగా, అందరూ తిరిగి చూస్తుండగా, మధ్యదారిలో నడిచి వెళ్ళి దాని బల్ల పక్కన మోకరించాను. అరచేత్తో నా నోరు గట్టిగా మూసుకున్నాను.

అది కళ్ళు తెరిచి నన్ను చూసింది. తన చెయ్యి చూసుకుంది. మళ్ళీ పిడికిలి బిగించింది. పద్నాలుగో స్థలం దాకా ఆ గచ్చుమీదే, దాని పక్కనే మోకరిస్తూ లేస్తూ ఉన్నాను.

ఆదివారం పూజయ్యాక హాల్లో కాఫీ, డోనట్లు. ఫాదర్‌గారే నా భుజం తట్టి, "లెంట్‌లో ఆదివారాలు లెక్కలోకి రావయ్యా. ఇవాళ నీ నోటికి సెలవు. కానియ్!" అన్నారు. చుట్టూ జనం చేరారు. నా దగ్గర బుధవారం నుంచీ దాచిన సరుకుంది. మా అమ్మాయి వైపు తిరిగాను.

"విన్నావా? ఇవాళ నీకూ సెలవే."

అది పిడికిలి వైపు చూసుకుంది. "ఇవాళ పెడితే రేపు తియ్యలేను డాడీ" అంది మెల్లగా. "నువ్వు చెప్పుకో. నేను పెట్టను."

డోనట్ మొత్తం నోట్లో కుక్కుకున్నాను. ఫాదర్‌గారు కాసేపు ఎదురుచూసి, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, ఇంకో డోనట్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఈస్టర్ దాకా అలాగే లాక్కొచ్చాం. మే నెలలో అది తెల్లగౌనులో పీఠం దాకా నడిచింది. జోడించిన చేతులు ఒక్కసారి కదిలితే ఒట్టు. ఆ మధ్యాహ్నం మా ఆవిడతో పనిచేసే నర్సులు, వాళ్ళ ఇంటివాళ్ళు భోజనానికొచ్చారు. నా నోటికి మళ్ళీ మంచిరోజులు. నలుగురి మధ్య నిలబడి, "వేపనూనెకి లొంగని వేలు నాకు లొంగింది. దీనికోసం ఈస్టర్ దాకా నోరు కుట్టుకున్నాను" అని గొప్పలు పోయాను.

మా అమ్మాయి కేకు తింటూ తలెత్తింది.

"వేలు రెండో వారానికే మర్చిపోయాను డాడీ. 'ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో, ఈస్టర్ దాకా డాడీకి చెప్పకు' అంది మమ్మీ."