గీత అవతల నిలబడ్డ మనిషి

ఆ ప్రెస్సు ఎనభై ఏళ్ళ కిందట ఒక్క గదిలో, కాలితో తొక్కే మెషీన్‌తో మొదలైంది. మొట్టమొదట అచ్చువేసింది తలనూనె సీసాల లేబుళ్ళు. ఆ నూనె కంపెనీ ఎప్పుడో మూతపడింది. లేబుళ్ళు వేసినవాళ్ళు మాత్రం మూడు షెడ్లు, ఏడు మెషీన్లు, నూట పదిమంది పనివాళ్ళతో ఊడల్లేని మర్రిచెట్టులా విస్తరించారు. ఇదంతా ఒక చరిత్ర పుస్తకంగా వెయ్యాలని మూడోతరం యజమానికి బుద్ధి పుట్టింది. ఆయనకి యాభై దాటినా అందరికీ చిన్నయ్యగారే.

చిన్నయ్యగారి సంగతి అలా ఉంచి కటింగ్ బాబాయి సంగతి చెప్పుకోవాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కాగితం కోసే మెషీన్ దగ్గర ఆయనే. అచ్చు అంచున సన్నటి గీత ఉంటుంది. కత్తి దాని మీద పడాలి, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాకూడదు. పాపం, ఆ పనికి పేరు రాదు. రంగు బాగుంటే మెషీన్ మనిషిని మెచ్చుకుంటారు, కుట్టు బాగుంటే బైండింగ్ మనిషిని. కోత బాగుంటే ఎవరి కంటా పడదు. పడిందంటే వంకరపోయిందనే.

ఇంట్లోనూ ఇదే పిచ్చి. దుప్పటి అంచులు కలవకపోతే ఆయనకి నిద్ర పట్టదు. కూతురి పెళ్ళి ఆల్బంలో బావమరిది సగమే ఉంటాడు. అంచు దాటి నిలబడ్డాడని బాబాయి కోసేశాడు. ఆ తర్వాత ఏడాదిపాటు బావమరిది గడప తొక్కలేదు. తొక్కినప్పటి నుంచీ ఎవరు ఫోటో తీస్తున్నా పరిగెత్తి మధ్యలో దూరుతున్నాడు.

పుస్తకం కోసం వెతికితే పాత గ్రూపు ఫోటో ఒకటి దొరికింది. ముప్ఫై మంది. కుడివైపు చిట్టచివర చేతులు కట్టుకుని, పుల్లలా, నిండా జుట్టుతో బాబాయి. పనిలో చేరి అప్పటికి నెల కూడా కాలేదు. ఈ వార్త పిన్నికి తెలిసిన పూటే వీధంతా తెలిసింది. "మా ఆయన పుస్తకంలో పడుతున్నారు" అని ఇస్త్రీ అతనికి కూడా చెప్పింది.

ఫోటోని విడిగా మందపాటి కాగితం మీద ఐదువేలు అచ్చువేసి కోతకి పంపారు. బాబాయి మొదటి కట్ట ఎత్తి పెట్టి, గీత చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. గీత ఆయనకీ పక్కవాడికీ మధ్యగా పోతోంది. ఇరవై తొమ్మిది మంది లోపల, ఆయన బయట.

పేజీలు అమర్చే అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఈ గీత కాస్త అవతలికి జరగదా?"

"అచ్చయిపోయింది కదా బాబాయ్. ఎవరైనా ముఖ్యమైనవాళ్ళు పోతున్నారా?"

"అబ్బే, ఎవరో కుర్రాడు."

"అయితే కోసెయ్యండి. పోనీ వేలెడు వదిలి కొయ్యండి, ఎవరు చూస్తారు?"

వేలెడు వదిలితే ఐదువేల పుస్తకాలూ నాలుక బయటపెట్టినట్టుంటాయి. పైగా 'ఎవరు చూస్తారు' అన్నవాళ్ళని ఇన్నేళ్ళూ కసిరింది ఆయనే. బాబాయి మెషీన్ దగ్గరికి తిరిగొచ్చి నిలబడ్డాడు. తన మీద తనకే జాలేసింది. ఈ కంపెనీలో తను పనిచేశాడని చెప్పే కాగితం ఇదొక్కటే. వదిలితే తనుంటాడు, తన కోత ఉండదు. కళ్ళు మూసుకుందామనుకున్నాడు గానీ, కత్తి దగ్గర కళ్ళు మూసుకోకూడదని కొత్తవాళ్ళకి చెప్పేది తనే. కళ్ళు తెరిచే ఉంచి మీట నొక్కాడు. ఒక్క దెబ్బకి ఐదువందల మంది బాబాయిలు చెత్తబుట్టలో పడ్డారు. అలా పది దెబ్బలు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

సాయంత్రం బుట్టలోంచి ఒక ముక్క తీసి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"మీ కత్తికి వావీవరసా లేదండీ" అంది పిన్ని. రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఆ ముక్కని మాత్రం బీరువాలో భద్రంగా దాచింది.

పుస్తకం ఇంటికొచ్చిన రోజు పక్కింటావిడ చూడటానికి వచ్చింది. ఫోటో అంతా రెండుసార్లు వెతికి, "మీ ఆయన ఏరండీ?" అని అడిగింది. బాబాయి తల దించుకున్నాడు.

పిన్ని లేచి వెళ్ళి, బీరువాలోంచి ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"మిగతావాళ్ళందరినీ కలిపి వేశారు. మా ఆయన్ని విడిగా వేశారు."