అత్తమ్మ ఫోనులో నేను ఆపిన నంబరు

ఆరేళ్లుగా ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో ఎవరి ఫోను మోగినా, చేస్తున్న పని దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. దాని బరువు నాకు అలా తెలుస్తూనే ఉంటుంది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగొద్దు.

మాది పాకాల. పెళ్లికి ముందు రెండేళ్లు శ్రీ సిటీలో ఫోన్లు తయారయ్యే ఒక ఫ్యాక్టరీలో చేశాను. నేను చేసింది అద్దం మీద గీతలు ఉన్నాయా లేవా అని చూసే పని. అయినా అత్తవారింట్లో నాకు ఫోన్ల గురించి అంతా తెలుసని పేరొచ్చింది. ఎవరి ఫోను నెమ్మదైనా నా చేతికే ఇచ్చేవాళ్లు. ఊరికే దొరికే యాప్‌లు వెతికి వేసేదాన్ని. చెత్త తుడిచేది ఒకటి, బ్యాటరీ తొందరగా అయిపోకుండా చూసేది ఇంకొకటి. అత్తమ్మకైతే అక్షరాలు పెద్దవి చేసే యాప్ కూడా వేశాను. ఆ ఇంట్లో నన్ను లెక్కలోకి తీసుకునేది ఆ ఒక్క విషయంలోనే అనిపించేది.

అత్తమ్మకు ఒక చెల్లెలు, రాజమ్మ. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెకు ఇచ్చారు ఆమెను. రోజూ పొద్దున పదింటికి ఫోన్ చేసేది. అత్తమ్మకు చెవులు కొంచెం మందం, స్పీకరు పెట్టుకునే మాట్లాడేది. వంటింట్లో ఉన్న నాకు ప్రతి మాటా వినబడేది. ఒకరోజు రాజమ్మ అంది:

"నీ కోడలికేం తెలస్తాదక్కా ఇంటిపని? ఫ్యాక్టరీ కూడు తినొచ్చిన పిల్ల. చారు గూడా మిషన్లోనే కాస్తాదేమో సూడు."

అత్తమ్మ నవ్వింది.

రాజమ్మ మాటను ఆ సాయంత్రానికి మరిచిపోయేదాన్నేమో. ఆ నవ్వును మరిచిపోలేకపోయాను. అది ఎగతాళి నవ్వు కూడా కాదు, చెల్లెలి మాటకు అక్క నవ్వే మామూలు నవ్వు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలుసుకోవాలని అనుకోలేదు.

ఆ వారంలోనే అత్తమ్మ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఊరికే నిలబడిపోతాండాదిమే. లోన్ కావల్నా, లోన్ కావల్నా అని ఎవరెవరో చేస్తాండారు. రవ్వంత సూడు."

అక్కర్లేని కాల్స్ ఆపే యాప్ ఒకటి వేశాను. ఆపిన నంబరు నుంచి ఎవరైనా చేస్తే ఈ ఫోను మోగదు. అవతలివాళ్లకు మాత్రం ఎవరో కట్ చేసినట్టే ఉంటుంది. ఎవరు ఎప్పుడు చేశారో యాప్ లోపల ఒక పట్టీలో పడుతుంది. లోన్లవాళ్ల నంబర్లు ఒక్కొక్కటే అందులో చేర్చాను. ఆఖరున రాజమ్మ నంబరు చేర్చాను.

నాలుగు రోజులు చాలనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇన్నేళ్లుగా నాకు నేను అలా చెప్పుకుంటూ వస్తున్నానా?

పది కొట్టగానే అత్తమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆమెకు ఎత్తడం వచ్చు, కలపడం రాదు. ఐదో రోజు నన్ను పిలిచింది.

"రాజీకి ఒకతూరి కలపుమే. ఏమైపోయిందో."

ఫోను తీసుకున్నాను. ఏ నంబరూ నొక్కకుండా చెవి దగ్గర పెట్టుకున్నాను. కాసేపు ఆగి తిరిగి ఇచ్చేశాను.

"ఎత్తడం లేదత్తమ్మా."

"అట్లనా. పనిలో ఉండాదేమోలే. అదే చేస్తాదిలే."

ఇంకోసారి అడిగినప్పుడూ అదే చెప్పాను. ఆ తర్వాత ఆమె అడగలేదు. మా ఆయన తన ఫోను నుంచి చేస్తానంటే, "దానికే లేనప్పుడు నాకేల? వద్దు" అని ముఖం తిప్పుకుంది.

చలికాలం వచ్చింది. పొద్దున పది గంటలప్పుడు చేసేందుకు ఏమీ లేక అత్తమ్మ నా దగ్గరికొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఇద్దరం అనపకాయలు ఒలిచేవాళ్లం. నానబెట్టిన గింజల పైతోలు పితికి తీయడం ఆమే నేర్పింది. పితికిపప్పు కూర నా చేతిది తిని, బాగుందని మా ఆయన ముందే అనింది. చిన్నప్పుడు తానూ రాజమ్మా ఒకే దుప్పటి కోసం కొట్లాడుకున్న సంగతులు చెప్పేది. రాజమ్మకు చెప్పుకునే కబుర్లన్నీ నాకు చెప్పేది.

నా అసలు తప్పు ఇక్కడుంది. కోపం ఎప్పుడో పోయింది. ఆ నంబరు అలా ఆగి ఉందని రోజూ గుర్తుండేది. తీసేస్తే పది గంటలకు అత్తమ్మ మళ్లీ ఆ ఫోను దగ్గరికి వెళ్లిపోతుంది. అందుకని తీయలేదు.

ఒక మధ్యాహ్నం రాజమ్మ కూతురు మా ఆయనకు ఫోన్ చేసింది. పచ్చకామెర్లు ముదిరి పది రోజులు ఆస్పత్రిలో ఉండి, రాజమ్మ ఆ పొద్దున పోయింది.

మేం వెళ్లేసరికి ఇంటి ముందు వలలు ఒక పక్కకు తోసి చాప పరిచారు. ఆ కూతురు అత్తమ్మను పట్టుకుని ఏడ్చింది. "ఎన్నితూర్లు చేసినాదో పెద్దమ్మా నీకు! అక్క కట్ చేస్తాండాది, నామీద ఏం కోపమో అని ఏడ్సినాది. నీ కొడుక్కన్నా చేస్తానంటే, అక్కకు ఇష్టం లేంది నాకొద్దు అనింది."

అత్తమ్మ బిత్తరపోయి చూసింది. "నాకు రాలేదే. ఒక్కటి గూడా రాలేదే." నా వైపు తిరిగింది. "రాలేదు గదామే?"

"లేదత్తమ్మా. ఈడ నీళ్ల పక్కన సిగ్నల్ ఉండదు."

అంత తొందరగా ఎలా వచ్చింది నాకు ఆ మాట?

ఇంటి వెనక్కి వెళ్లి, నా సంచిలో ఉన్న అత్తమ్మ ఫోను తీసి ఆ యాప్ తెరిచాను. అన్ని నెలల్లో ఒక్కసారైనా ఆ పట్టీ చూడలేదు. రాజమ్మ, రాజమ్మ, రాజమ్మ. వేలితో జరిపేకొద్దీ ఆ పేరే. మొదట్లో అన్నీ పదింటికి. తర్వాత వారానికొకటి. ఆఖరి పది రోజుల్లో ఏ వేళంటే ఆ వేళ. చివరిది అంతకు ముందురోజు పొద్దునది. చూసి, యాప్ తీసేశాను. దానితోపాటు పట్టీ కూడా పోయింది.

అత్తమ్మ ఇప్పటికీ ఉంది. "నేనే ముందు చేసుండాల. నాకేల వచ్చిందో ఆ పొగరు" అని అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా అంటుంది. అది పొగరు కాదు, రాజమ్మ చేస్తూనే ఉంది, నీ దాకా రానివ్వలేదంతే అని చెబితే, ఆమె తనను తాను తిట్టుకోవడం ఆపేస్తుంది. ఆ ఒక్క మాటా నా దగ్గరే ఉంది. ఆరేళ్లుగా ఇవ్వకుండా దాచుకున్నాను. ఎందుకు? ఆమె నొచ్చుకుంటుందనా? కాదు. నిన్న కూడా పక్కింటావిడతో "నా కోడలు లేకుంటే నేను యాడుందును" అంది. అది పోతుందని.

చెబుతానో లేదో నాకు తెలియదు. చెప్పినా ఆమె క్షమించాలని నేను అడగలేను.

సిగ్నల్ లేక కాదు. రాజమ్మ నంబరు ఆపింది నేను. ఆరేళ్లలో ఈ మాటను మొత్తంగా రాయడం ఇదే మొదటిసారి. రాసి మళ్లీ చదివాను. కొట్టెయ్యలేదు.