సరుగుడు పుల్లల చైనా విందు

ఆ రోజుల్లో చైనా పేరు చెబితే ఎవరికీ ఇంకా కోపం వచ్చేది కాదు. మా ఊళ్లో మాకు తెలిసిన చైనా అంతా అమ్మ ఊరగాయ పెట్టే పింగాణీ జాడీయే. అలాంటి దేశం పేరు మీద, మండువేసవిలో, సముద్రపుటొడ్డున విందు చేయాలని నాకు బుద్ధి పుట్టిందంటే కారణం మా లెక్కలమ్మ. బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని, తను లెక్కలు. రెండేళ్లు ఒకే గొడుగు కింద ఇంటికి నడిచాం. కానీ తనది మడి ఇల్లు, మాది చర్చికి వెళ్లే ఇల్లు. మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. కాపలాకు వాళ్ల అవ్వ ఒకతె. ఇప్పుడు తనకు పెళ్లి కుదిరింది, నాగపూరు వెళ్లిపోతుంది. వెళ్లేలోపల ఒక్కసారి నా చేత్తో తనకేదైనా పెట్టాలని నా ఆశ.

ఓడలో పనిచేస్తూ సింగపూరు దాకా వెళ్లివచ్చిన మా అన్న అప్పుడు సెలవులో ఉన్నాడు. "ఏందిమే ఆ మొహం? చైనా వంట చేద్దాం. అది మన వంటా కాదు, వాళ్ల వంటా కాదు. ఇంక ఎవురికి అడ్డం?" అన్నాడు. చిలగడదుంపలు, వంకాయలు బొగ్గుల మీద కాల్చి, అల్లం, మిరియాలు, బెల్లం, గూడూరు నిమ్మకాయల రసం కలిపి పూయడమే వంటంతా. (ఇందులో చైనా ఎక్కడుందని అడిగితే, "అల్లంలో" అన్నాడు.)

అవ్వను అడగడానికి వెళ్లి వాళ్ల మెట్ల కిందే నిలబడ్డాను.

"చైనావోళ్లు ఏ కులమే?"

"వాళ్లకు కులాలు లేవంట అవ్వా."

"నీళ్లుపోసి వండుతారా? నీళ్లు తగిలితేనే గదా మైల."

"లేదవ్వా, నిప్పుల మీద కాలుస్తారంట. రెండు పుల్లలతో పట్టుకుని తింటారంట."

అవ్వ రెండు వేళ్లు పుల్లల్లా చాచి చూసుకుంది. "అంటే చెయ్యి నోటికి తగలదు. ఎంగిలి అంటదు. ఓసినీ, వాళ్లు మనకంటే మడిగా ఉండారే!" అంది. సరేనంది గానీ, పుల్లలతోనే తినాలని షరతు పెట్టింది. తనూ వచ్చి చూస్తానంది.

అన్న సరుగుడు కొమ్మలు చెక్కి నున్నటి పుల్లలు చేశాడు. అవ్వ ఇసుకలో పీట వేసుకుని మాకెదురుగా కూర్చుంది. లెక్కలమ్మ పుల్లలు పట్టింది. ముక్క లేచేది, గడ్డం దాకా వచ్చేది, ఇసుకలో పడేది. నాదీ అదే వరస. సింగపూరు చూసిన మా అన్నదీ అదే వరస (అక్కడ చైనావాళ్లు తింటుంటే ఆయన హోటలు కిటికీలోంచి చూశాడంతేనని తర్వాత తెలిసింది). రేవులో తిరిగే కుక్క ఒకటి మాత్రం కడుపారా తింది. ముందు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పొద్దు వాలి, తట్టలో ఒక్క దుంప మిగిలేసరికి నా నవ్వు ఆగిపోయింది. మళ్లీ పుల్లలు పట్టాను.

"ఎంతసేపే ఆ కోలాటం?" అని కసిరింది అవ్వ. "బిడ్డ ఆకలితో ఉండాది. చేత్తో పెట్టవే."

"మరి... ఎంగిలవ్వా?"

అవ్వ లేచి, పీట సముద్రం వైపు తిప్పుకుని కూర్చుంది. "నాకు చూపు ఆనదు. ఎవురు ఎవురికి పెట్టినారో నాకేం తెలుసు?"

దుంప తుంచి, ఊది, లెక్కలమ్మ నోట్లో పెట్టాను. తను నమిలింది. కళ్లు నిండిపోయాయి. "అల్లం ఘాటు" అంది. నాకూ అంతే ఘాటు తగిలింది, నేనింకా తినకుండానే.

కాసేపటికి అవ్వ, అటు తిరిగే, "బెల్లం సరిపోయిందా?" అని అడిగింది.

మొన్న మా మనవరాలు నెల్లూరులో చైనా హోటలుకు తీసుకెళ్లింది. ముక్క మూడుసార్లు జారవిడిచాను. "పట్టుకోవడం నేర్పనా అమ్మమ్మా?" అంది. వద్దన్నాను. ఆ విద్య మాకు రాకపోబట్టే కదా ఆ రోజు నా కోరిక తీరింది. అది నవ్వి, ముక్క చేత్తో తీసి నా నోట్లో పెట్టింది. అల్లం కాస్త ఘాటుగానే ఉంది.